సంక్రాంతి భోజనాన్ని తేలిక చేసుకున్న తీరు: నా అనుభవం

మామయ్యగారికి షుగర్, అత్తయ్యకి బీపీ. అయినా సంక్రాంతి వచ్చిందంటే మా ఇంట్లో అరిసెలు, గారెలు, పులిహోర, బొబ్బట్లు అన్నీ ఉండాల్సిందే. ఈసారి కాస్త తేలిగ్గా వండుదామంటే అత్తయ్య చిన్నబుచ్చుకున్నారు. "పండగ పూట పథ్యం వంటేమిటమ్మాయ్?" అన్నారు. ఆ మాటలో న్యాయముంది. పథ్యంలా కనిపిస్తే ఎవరూ ముట్టుకోరు. అందుకే నూనె, బెల్లమే ప్రాణమైన వంటల్ని మార్చకుండా, మిగతా వాటిలో నూనె, తీపి, ఉప్పు గట్టిగా తగ్గించాలని నిర్ణయించుకున్నాను.

అరిసెల కొలతలు మాత్రం మార్చలేదు. బెల్లం తగ్గిస్తే పాకం కుదరదు, పాకం కుదరకపోతే నూనెలో విడిపోతాయి. మామూలు సైజులో సగానికి ఒత్తి, నూనెలోంచి తీయగానే అరిసెల చెక్కల మధ్య గట్టిగా నొక్కాం. తలా ఒకటి, అంతే.

కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు మానే ప్రశ్నే లేదు. కానీ మేం తినేది పెరుగు గారెలు. పెరుగులో నానేదానికి కరకరలాడే పై పొర ఎందుకు? మినప్పప్పు 4 గంటలు నానబెట్టి, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బించాను. పిండిని చేత్తో బాగా గిలక్కొట్టాక, చిటికెడు పిండి తీసి నీళ్లలో వేస్తే తేలాలి. అప్పుడే లోపల గుల్లగా వస్తాయి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పొంగనాల పెనంలో గుంతకి నాలుగు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద రెండువైపులా కాల్చాను. గోరువెచ్చని నీళ్లలో ఓసారి ముంచి, ఆ నీళ్లు పిండేసి, తాలింపు పెట్టిన పలచటి పెరుగులో వేశాను. చిల్లు లేదు, నూనెలో వేగిన ఆ కమ్మదనమూ కొంత తగ్గింది. మెత్తదనంలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

పులిహోరకి సగం బియ్యం, సగం కొర్రలు. కొర్రలు విడిగా నానబెట్టి వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెడితే పొడిపొడిగా ఉంటాయి. కొర్రల్లో పీచు ఎక్కువే కానీ అదీ పిండిపదార్థమే, షుగర్ ఉన్నవాళ్లు గిన్నెడు తినొచ్చని కాదు. పల్లీలు నూనె లేకుండా వేయించాను. ఆవ పెట్టడం వల్ల ఘాటు, పులుపు ముందుకొచ్చి ఉప్పు తగ్గినట్టే తెలియలేదు. పెద్దలకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, పులిహోర కలిస్తే ఆ హద్దు ఒక్క పూటలోనే దాటిపోవచ్చు. అందుకే ఊరగాయ, అప్పడం ఆ రోజు పక్కన పెట్టాం.

బొబ్బట్ల దగ్గరే వాదన వచ్చింది. "పంచదార కాదు కదమ్మా, బెల్లమే కదా" అన్నారు మామయ్యగారు. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ బెల్లమూ షుగర్ పెంచుతుంది. కప్పు శనగపప్పుకి కప్పు బెల్లం వేసేచోట అరకప్పే వేశాను. తీపి తగ్గిన చోట కొబ్బరి కోరు, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. మైదా బదులు గోధుమపిండి. పప్పు వార్చిన నీళ్లతో కట్టు చారు పెట్టాను, అది ఎంత బాగుందో చెప్పలేను.

నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది దప్పళం. గుమ్మడికాయ, సొరకాయ, ములక్కాడ, వంకాయ, కాస్త చిలగడదుంప వేసి చింతపండు పులుసులో మరిగించాను. తాలింపుకి ఒక చెంచా నూనె చాలు. పండగ వంటల్లో ఇంత తేలికైనది మొదటినుంచీ ఉంది, మనమే దాన్ని ఓ మూలకి గరిటెడు వడ్డిస్తాం. ఈసారి చిక్కుడుకాయ కూర, దప్పళం ముందు వడ్డించి, అన్నం తగ్గించి, బొబ్బట్టు చివర్లో పెట్టాను.

మామయ్యగారు దప్పళం మళ్లీ వేయించుకుని, బొబ్బట్టు సగమే తిన్నారు. గారెలు మాత్రం నూనెలో వేసినవే బాగుంటాయని అత్తయ్య ఇప్పటికీ అంటారు.