మొదటి పీరియడ్ అక్షరాలు

నా జబ్బును ముందుగా పట్టిచ్చింది సుద్దముక్క. ఒక ఉదయం మొదటి పీరియడ్‌లో బోర్డు మీద పద్యం రాద్దామని చెయ్యెత్తితే వేళ్ల మధ్య నిలవకుండా జారిపోయింది. వంగి తీసుకున్నాను, మళ్లీ జారింది. మూడోసారి ముందు బెంచీ పిల్ల లేచి చేతికిచ్చింది. నేను తెలుగు టీచర్ని. మన అక్షరాలన్నీ గుండ్రమే కదా, తలకట్టైనా గుడైనా సుడైనా వేలి కణుపు తిరిగితేనే పడుతుంది. ఆ రోజు నేను రాసిన ‘ఠ’ సొట్టపోయిన డబ్బాలా ఉంది. విచిత్రమేమిటంటే, నాలుగో పీరియడ్‌కల్లా అదే చెయ్యి సుబ్బరంగా రాసింది.

అసలు ఆనవాలు ఆ తేడాయే అని తరువాత తెలిసింది. కీలు అరిగితే వచ్చే నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. ఇన్‌ఫ్లమేషన్, అంటే కీలు లోపల పుట్టే వాపు, దానివల్ల వచ్చే నొప్పి దీనికి తలకిందులు. రాత్రంతా కదలకపోతే పొద్దున్నే బిగుసుకుపోయి, కదిలించగా కదిలించగా వదులవుతుంది. నాకప్పుడు ఇవేవీ తెలియవు. నలభై ఒకటి దాటాక ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. మందుల షాపుకెళ్లి డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్లలు తెచ్చుకున్నాను. గంటలో హాయి! మూడు నెలలు అలాగే నెట్టుకొచ్చాను.

ఆ హాయి ఎక్కడిదో ఇప్పుడు చెప్పగలను. దెబ్బ తగిలినచోట, వాపు ఉన్నచోట మన కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తాయి. రక్తనాళాలను వెడల్పు చేసి ఎరుపూ వేడీ తెచ్చేవీ, నరాల చివర్లను రెచ్చగొట్టేవీ అవే. వాటిని తయారుచేసే ఎంజైమును ఈ బిళ్లలు అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ చేసే పని కూడా ఇదేనని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం తినెయ్యకుండా కాపాడేవి కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే మూడో నెలలో నాకు కడుపులో మంట మొదలైంది. వేళ్ల కోసం వేసుకున్న బిళ్ల కడుపుకు కాపలా లేకుండా చేసింది. పైగా ఈ వాపుకు మూలమైన యంత్రాంగం జోలికి అది పోనే పోలేదు. దాని చప్పుడు నాకు వినబడకుండా చేసిందంతే.

ఉంగరం వేలినుంచి ఊడిరాకుండా ఇరుక్కున్న వారం మా ఆయన బలవంతాన కీళ్లవాతం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రేల కన్నా ముందు నా చెయ్యి అందుకుని, కరచాలనం చేసినట్టే చేసి, మెటికలన్నింటినీ పక్కలనుంచి కలిపి నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. “రెండు చేతులూ ఒకేలా నొప్పి ఉందా టీచరుగారూ? పొద్దున్నే గంటకు పైగా పట్టేస్తాయా?” అన్నారు. రెండింటికీ అవుననే చెప్పాను. రక్తపరీక్షల్లో ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ 68, సీఆర్‌పీ 42, రెండూ ఎక్కువే. ఈ జబ్బును పట్టిచ్చే యాంటీ సీసీపీ పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం.

రోగనిరోధక వ్యవస్థ అనే మన సైన్యం మన మీదే తిరగబడింది అనే పోలిక ఈ జబ్బు గురించి అందరూ చెబుతారు. నాకది నచ్చదు. నా ఒంట్లో తిరుగుబాటేమీ జరగలేదు. మంటలు లేని ఇంటికి ఫైరింజన్ వచ్చి, ఎంత చెప్పినా వినకుండా నీళ్లు కొడుతూనే ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది. కీలు లోపలుండే పల్చటి పొర ఈ గోలకు ఉబ్బి, మందమై, చివరికి పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరకడం మొదలుపెడుతుంది. అలా కొరికేసిన ఎముకను మందు వెనక్కి తెచ్చివ్వదు. డాక్టరుగారి తొందరంతా అందుకే.

ఆయన రెండు మందులు రాశారు. పొద్దున్న తిన్నాక ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు. వారానికి ఒకే ఒక్కరోజు మెథోట్రెక్సేట్, దానికి తోడుగా వేరే రోజున ఫోలిక్ యాసిడ్. “మొదటిది మూడు రోజుల్లో పనిచేస్తుంది. రెండోదానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండోది అందుకునేదాకా మొదటిది వంతెన లాంటిది” అన్నారు. వారానికి ఒకసారి అన్నమాటను మూడుసార్లు చెప్పి, చీటీ మీద గుండ్రం చుట్టి, మా ఆయన చేత కూడా అనిపించారు. పొరపాటున రోజూ వేసుకున్నవాళ్ల ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలున్నాయట.

మూడో రోజు పొద్దున నిద్రలేచి పేస్టు మూత నేనే తిప్పాను. చిన్న సంగతే. కానీ నాలుగు నెలలుగా ఆ మూత మా అమ్మాయే తీసిపెడుతోంది. స్టెరాయిడ్ మన కణంలోకి వెళ్లి, ఆ కణం కేంద్రకం దాకా పోయి, వాపు పుట్టించే జన్యువులను అక్కడే తగ్గిస్తుంది. నొప్పి బిళ్ల ఒక్క ఎంజైము దగ్గర ఆగిపోతే ఇది మూలమట్టం దాకా పోతుంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒకావిడకు మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచిందట. హెంచ్‌కూ, ఇలాంటి హార్మోన్ల మీదే పనిచేసిన కెండల్, రైక్‌స్టీన్‌లకూ 1950లోనే నోబెల్ ఇచ్చేశారు. దాన్నే ఏళ్ల తరబడి వాడితే మొహం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం తరువాత మెల్లగా బయటపడ్డాయి. అప్పటి డాక్టర్లెంత మురిసిపోయి ఉంటారో ఆ పేస్టు మూత దగ్గర నాకు అర్థమైంది.

అక్కడే తప్పు చేశాను. మెథోట్రెక్సేట్ పెట్టెలో ఉండే కాగితం విప్పి చదివితే క్యాన్సర్ అన్న మాట కనబడింది. వేసుకున్న మర్నాడు వికారం. దువ్వెనలో నాలుగు వెంట్రుకలు ఎక్కువ కనబడ్డాయి. ఎలాగూ స్టెరాయిడ్ చిన్నబిళ్లతో బాగైపోయాను కదా, ఈ విషమెందుకు? నాలుగో వారం నుంచి మానేశాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆదివారం రాత్రి బిళ్లలు చేతిలోకి తీసుకుని, నీళ్లు తాగి, బిళ్లలు చెత్తబుట్టలో వేసేదాన్ని. పిల్లలు హోంవర్కు దగ్గర ఇలాంటి వేషాలు వేస్తే నేను ఇట్టే పట్టేస్తాను.

డాక్టరుగారు తన లెక్క ప్రకారం స్టెరాయిడ్‌ను 10 నుంచి 7.5, 5, 2.5కు దించుకొచ్చారు. బయటినుంచి స్టెరాయిడ్ అందుతుంటే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి, అందుకని ఒక్కసారిగా ఆపకూడదు. 2.5కు వచ్చిన వారంలో నా మణికట్లు రెండూ బూరెల్లా పొంగాయి. సుద్దముక్క మాట అటుంచి, హాజరు పుస్తకం కూడా పట్టుకోలేకపోయాను.

ఈసారి దాచలేక చెప్పేశాను. తిడతారనుకుంటే డాక్టరుగారు పెన్ను కిందపెట్టి, “ఏ మందు ఏ పని చేస్తోందో నాకు తెలియకుండా చేశారు టీచరుగారూ” అన్నారు. తిట్టినా బాగుండేది. కొత్త ఎక్స్‌రేలో కుడిచేతి చూపుడువేలి మెటిక అంచున ఎలుక కొరికినట్టు చిన్న నొక్కు. పాత ఎక్స్‌రేలో అది లేదు.

క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు వేరు, ఇది వేరని అప్పుడు విడమరిచి చెప్పారు. అక్కడ పెద్ద మోతాదులో కణాలు పెరగకుండా చేస్తుంది. ఇక్కడ వారానికి 15 మిల్లీగ్రాములు మాత్రమే. ఈ కొద్దిపాటి మందు ముఖ్యంగా అడెనొసిన్ అనే పదార్థాన్ని పెంచి, రెచ్చిపోయిన రోగనిరోధక కణాలను శాంతింపజేస్తుందట. బిళ్ల బదులు చర్మం కిందికి ఇంజెక్షన్ ఇస్తే వికారం తగ్గింది. రక్తకణాలకూ కాలేయానికీ మొదట్లో నెలనెలా పరీక్షలు. పదో వారంలో ఒకరోజు, అది ఫలానా రోజని చెప్పలేను, పొద్దున్నే చేతులు పట్టెయ్యలేదని మధ్యాహ్నం గుర్తొచ్చింది. నిదానం మందుల తీరే అంత, వచ్చినట్టు కబురు పంపవు.

అయినా రెండు మెటికలు మాత్రం మొండికేశాయి. ఆరు నెలలు చూసి అడాలిముమాబ్ మొదలుపెడదామన్నారు. టీఎన్ఎఫ్ అనే ఒకే ఒక్క అణువును పట్టుకుని కట్టేసే యాంటీబాడీ ఇది. వాపును ఎగదోసే అణువుల్లో టీఎన్ఎఫ్‌ది పెద్ద చెయ్యి అని లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ గ్రహించి, 1992లో దాన్ని అడ్డుకునే మందును కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూశారు.

ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష చెయ్యాలన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రం. కానీ రక్తపరీక్ష పాజిటివ్! ఎప్పుడో ఒంట్లోకి వచ్చిన క్రిములను రోగనిరోధక కణాలు చుట్టుముట్టి, గోడ కట్టి, బంధించి ఉంచాయట. ఆ గోడ కూలకుండా నిలబెట్టేది ఏమిటి? టీఎన్ఎఫ్. నా వేళ్లు విరిచేస్తున్న అణువే అన్నేళ్లుగా నా ఊపిరితిత్తులకు కాపలా కాస్తోంది. ఆ సంగతి విన్న రాత్రి నిద్ర పట్టలేదు. భయం కొంత, ఆ అణువు మీద గౌరవం లాంటిది కొంత. నెల రోజులు టీబీ మందు పడ్డాకే మొదటి ఇంజెక్షన్ వేశారు, ఆ కోర్సు పూర్తయ్యేదాకా రెండూ నడిచాయి.

ఇప్పుడు పద్నాలుగు రోజులకొకసారి పొట్ట మీద నేనే పొడుచుకుంటాను. జ్వరమొస్తే ఆ వారం ఇంజెక్షన్ ఆపి ఫోన్ చెయ్యాలి. ఏటా ఫ్లూ టీకా తప్పదు. బతికున్న క్రిములతో చేసిన టీకాలు మాత్రం వద్దు. తరగతిలో తుమ్మే పిల్లలు నలభైమంది, మాస్కు నా బ్యాగులోనే ఉంటుంది. సీఆర్‌పీ 3. స్టెరాయిడ్ ఆగిపోయి ఏడాదైంది. ఎక్స్‌రేలో ఆ నొక్కు అలాగే ఉంది, పెరగలేదు.

పోయిన నెల డాక్టరుగారు మళ్లీ మెటికలన్నీ కలిపి నొక్కారు. నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. “ఇంజెక్షన్‌ను మూడు వారాలకొకసారి చేసి చూద్దామా?” అన్నారు.

“మొదటి పీరియడ్‌లో నా ‘ఠ’ ఎలా వస్తోందో ఓ నెల చూసి చెప్తానండి” అన్నాను.