నంబరు డబ్బాకే ఉంది, పోయింది రాగి

తెల్లవారుజామున మోటారు వేద్దామని వెళ్తే స్టార్టర్ లైట్లు వెలగలేదు. కరెంటు తీశారేమోనని అరగంట గట్టు మీదే కూర్చున్నాను. పక్క పొలం ఆయన కేక వేస్తే వెళ్లి చూశాను. దిమ్మె మీద ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ కింద పడి ఉంది. మూత బోల్టులు విప్పేశారు. నూనె నేలలో ఇంకిపోయింది. లోపల రాగి చుట్టలు లేవు. లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ మాత్రం పద్ధతిగా దించి ఉంది. 11 కేవీ లైను దగ్గర చీకట్లో ఇంత నిదానంగా పని చేశారంటే, పని తెలిసినవాళ్లే.

లైన్‌మన్ వచ్చి చూసి, "ఫొటోలు తీసుకో తమ్ముడూ, దేన్నీ ముట్టుకోకండి" అన్నాడు. ఆ రోజు మొత్తంలో పనికొచ్చిన సలహా అదొక్కటే. నేమ్‌ప్లేటు దగ్గరగా వెళ్లి సీరియల్ నంబరు, కెపాసిటీ, తయారైన సంవత్సరం కనబడేలా ఫొటో తీశాను.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎనిమిది మంది రైతులం. ముగ్గురం కలిసి స్టేషన్‌కి వెళ్లాం. రైటర్ అడిగిన మొదటి ప్రశ్న, "ట్రాన్స్‌ఫార్మర్ మీదా?"

"కాదు సార్, డిపార్ట్‌మెంట్‌ది."

"మరి వాళ్లనే రమ్మనండి."

కరెంటు ఆఫీసుకు వెళ్తే అక్కడ ఇంకో మాట. కొత్తది పెట్టాలంటే ఎస్టిమేట్ వేయాలి, దానికి ఎఫ్‌ఐఆర్ కాపీ జత చేయాలి, ముందు అది తెమ్మన్నారు. వాళ్లు రావాలని వీళ్లు, కాపీ కావాలని వాళ్లు. రెండు రోజులు ఈ రెండు గుమ్మాల మధ్య తిరిగాం. పైరు మాత్రం ఎవరి కాగితం కోసమూ ఆగదు కదా.

మా బావమరిది లాయరు దగ్గర జూనియర్‌గా చేస్తున్నాడు. ఫోన్ చేస్తే కాస్త తిట్టి, తర్వాత విషయం చెప్పాడు. పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరం గురించి ఎవరు సమాచారం ఇచ్చినా తీసుకోవాలి, వస్తువు నీదే అయి ఉండాలని పోలీసు కేసుల పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్‌లో ఎక్కడా లేదు. "కానీ బావా, నువ్వు గొడవ పెట్టుకోకు. కరెంటు ఆఫీసు ఇంజినీరు, ఏఈ గారితో లెటర్ ఇప్పించు. వస్తువు వాళ్లది, నంబరు వాళ్ల రిజిస్టర్‌లో ఉంటుంది, రేపు కోర్టులో బలంగా ఉంటుంది. ఇంకో మాట, ఉత్త దొంగతనం కింద రాయనివ్వకు. విద్యుత్ చట్టం 136 వేయమను."

ఆ 136 ఏమిటో ఆ రాత్రి కూర్చుని చదివాను. 2003 విద్యుత్ చట్టంలో కరెంటు లైన్లు, సామగ్రి దొంగతనానికి విడిగా పెట్టిన సెక్షన్ అది. మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే కనీసం ఆరు నెలలు, ఐదేళ్ల దాకా జైలు, పైగా పది వేలకు తగ్గని జరిమానా. 2007లో సవరించాక ఇది నాన్‌బెయిలబుల్ కూడా. చదువుతూ నేను ఆగింది మాత్రం శిక్షల దగ్గర కాదు. కోసి ఎత్తుకెళ్లినవాడు ఒక్కడే కాదు, ఆ సరుకును దురుద్దేశంతో తన దగ్గర దాచుకున్నవాడూ, బండిలో తరలించినవాడూ అదే సెక్షన్ కిందికి వస్తారు. అంటే కొన్న స్క్రాప్ కొట్టుదాకా చట్టం చెయ్యి చాచే ఉంది. ఇన్నాళ్లూ చట్టమే లేదేమో అనుకున్నాను. ఉంది.

మూడో రోజు ఏఈ గారి లెటర్‌తో ఎఫ్‌ఐఆర్ అయింది. 136 వేయమంటే రైటర్ ఒకసారి తలెత్తి చూశాడు, వేశాడు. ఫిర్యాదుదారు ఏఈ, నేను సాక్షిని. ఇందులో ఒక చిక్కు ఉందని అప్పుడు తట్టలేదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకో బాధితుడికో చెప్పాలని కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంది. కాగితం మీద నేను ఆ రెండూ కాదు. ఎండింది నా పొలం, సమాచారం వెళ్లేది ఆయనకు. నెలకోసారి ఆయన్ను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది, పాపం ఆయన విసుక్కోలేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎలా వచ్చిందో చెప్పాలంటే అదో పెద్ద కథ. వచ్చింది, అంతే. అప్పటికే నా చేలో ఒక ముక్క ఎండిపోయింది.

మూడు నెలలు దాటాక స్టేషన్ నుంచి ఫోన్. వేరే కేసులో ఇద్దరు దొరికారట, ఒక స్క్రాప్ కొట్టులో రాగి పట్టుకున్నారట, మీదేమో చూసి గుర్తుపట్టమన్నారు. ఎగిరి గంతేసినంత పని చేసి వెళ్లాను. గోనె సంచి విప్పి నేల మీద పోశారు. నల్లగా కాలిపోయి, నలిగి, మెలికలు తిరిగిన తీగ. పైన చుట్టిన కాగితం, పూత పోవడానికి నిప్పులో వేసి కాల్చేశారు. దాని మీద ఏ గుర్తు ఉంటుంది?

"చూడండి సార్, మీదే కదా" అన్నాడు కానిస్టేబుల్, సాయం చేస్తున్నట్టుగానే.

చాలాసేపు దాన్నే చూశాను. నంబరు ఉన్నది డబ్బాకి. డబ్బాను దొంగలు మా పొలంలోనే వదిలేసి పోయారు, నేమ్‌ప్లేటుతో సహా. పోయిన దానికి పేరూ ఊరూ లేవు. "ట్రాన్స్‌ఫార్మర్ తీగలాగే ఉంది సార్, మాదేనని చెప్పలేను" అన్నాను. అతని మొహంలో ఉత్సాహం చచ్చిపోయింది. నాక్కూడా.

బావమరిది ఆ రాత్రి ఇంకాస్త నీళ్లు చల్లాడు. మా ట్రాన్స్‌ఫార్మర్ కూడా తామే పగలగొట్టామని దొరికిన ఆ ఇద్దరూ పోలీసులతో ఒప్పుకున్నారు కదా అంటే, పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదన్నాడు. ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకే సాక్ష్యం. ఇక్కడ సరుకు అంతకుముందే వేరే కేసులో బయటపడింది. దొంగసొత్తు పోయిన కొద్దికాలానికే ఎవరి దగ్గరైనా దొరికితే, వాడు లెక్క చెప్పలేకపోతే, దొంగో తెలిసి కొన్నవాడో అని కోర్టు అనుకోవచ్చు. కానీ మాది పోయి మూడు నెలలు దాటింది. పైగా అది మాదేనని ముందు తేలాలి.

కొట్టు యజమాని "నాకేం తెలుసు సార్, ఎవరో తెచ్చారు, కొన్నాను" అన్నాడట. కొట్టులో దొరికిన నోటు పుస్తకాన్ని ఎస్‌ఐ గారు నాకూ చూపించారు. రోజూ రాసిన పుస్తకమే. ఏ రోజు రాగి ఎంత, అల్యూమినియం ఎంత, ఇత్తడి ఎంత, గ్రాములతో సహా ఉంది. తెచ్చినవాడి పేరు ఒక్క లైనులోనూ లేదు. డబ్బంతా చేతికే ఇచ్చాడు.

నాకు అసలు కోపం వచ్చింది అక్కడే. దొంగ మీద వచ్చినదాని కంటే ఎక్కువ.

బ్రిటన్‌లో రైల్వే, కరెంటు కేబుళ్ల దొంగతనాలు పెరిగినప్పుడు వాళ్లు ముందు పట్టుకున్నది ఈ చేతి డబ్బునే. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 డిసెంబర్‌లో స్క్రాప్ లోహానికి నగదు ఇవ్వడం నిషేధించారు. మరుసటి ఏడాది చట్టంతో లైసెన్సు తప్పనిసరి చేశారు. అమ్మేవాడి పేరు, చిరునామా సరిచూడాలి, రికార్డు మూడేళ్లు ఉంచాలి. కాలిఫోర్నియాలో అయితే 2008 నుంచి రాగి లాంటివి తెచ్చినవాడికి మామూలుగా మూడు రోజుల దాకా డబ్బు ఇవ్వకూడదు, వేలిముద్ర కూడా తీసుకోవాలి. అంత దూరం ఎందుకు, మన రైల్వేకే 1966 నుంచి ఒక చట్టం ఉంది. రైలు సామాను దొంగదని అనుమానించదగ్గ పరిస్థితిలో ఎవరి దగ్గరైనా దొరికితే, న్యాయంగానే వచ్చిందని చూపించుకోవాల్సింది వాడే. అక్కడా అది రైల్వేదని ముందు తేలాల్సిందే అనుకోండి. పట్టా ముక్కకైతే గుర్తు ఉంటుంది, కాల్చిన రాగికి ఉండదు.

మేం ఎనిమిది మందిమి కలిసి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఫొటోలు అన్ని వైపుల నుంచీ తీసి, నంబరు ముగ్గురి ఫోన్లలో పెట్టుకున్నాం. ఇందులో అల్యూమినియం చుట్టలట, దొంగలు దీని జోలికి అంతగా రారని లైన్‌మన్ ధైర్యం చెప్పాడు. అయినా రాత్రి మోటారుకు వెళ్లినప్పుడల్లా అటు టార్చి వేస్తూనే ఉన్నాం.

ఛార్జిషీటు పడింది. కొట్టు యజమాని మూడో ముద్దాయి. నాకు సమన్లు వచ్చాయి, రెండు వాయిదాలు వెళ్లి ఖాళీగా తిరిగొచ్చాను. పిలిచిన రోజున నేమ్‌ప్లేటు ఫొటో చూపిస్తాను, ఆ నంబరు చెబుతాను. ఆ రాగి మీదేనా అని అడిగితే మాత్రం స్టేషన్‌లో చెప్పిందే చెప్పాలి.