మునిగిన జాజికాయ, తేలిన జాజికాయ

పొద్దున బిర్యానీ మసాలాకని పగలగొడితే జాజికాయ లోపలంతా డొల్ల. ముందే నీళ్ళలో వేసి చూడాల్సింది.

కరీబియన్ ద్వీప దేశం గ్రెనడాలో చేసేది అదే. పెంకు మీది ఎర్రటి జాపత్రిని ఒలిచి విడిగా ఎండబెడతారు. కాయల్ని చెక్క అరల్లో నీడన 6 నుంచి 8 వారాలు ఆరబెడతారు. మధ్యమధ్యలో కలియబెట్టకపోతే బూజే. తర్వాత పెంకు కొట్టి గింజల్ని నీళ్ళలో వేస్తారు. మునిగినవి మేలు రకం, వంటకి. తేలినవి నూనె తీయడానికి.

జెండా మీద కూడా జాజికాయ ఉన్న దేశం అది! 2004కి ముందు ఎగుమతుల్లో ఇండోనేషియా తర్వాత పేరు దానిదే. 2004 సెప్టెంబర్ 7న ఐవాన్ తుపాను వచ్చి ఆ తోటల్ని చాలావరకు కూల్చేసింది.

మళ్ళీ నాటుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ విత్తు మొక్క కాపుకి రావడానికి 6, 7 ఏళ్ళు. పైగా పూత వచ్చేదాకా అది ఆడదో మగదో తెలీదు. మగ చెట్టు కాయదు, పరాగసంపర్కానికి కొన్నిటిని ఉంచి, ఇన్నేళ్ళు పెంచిన మిగతావాటిని నరకాల్సిందే. ఆడ చెట్టు నుంచి అంటు కడితే ఆ బెంగ లేదు, కానీ అన్ని అంటులూ బతకవు. అందుకే చాలామంది రైతులు త్వరగా చేతికొచ్చే కోకో వైపు వెళ్ళారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.