పేరు చెరిగిన పాటలు

నేను మొట్టమొదట విన్న ఖ్మేర్ రాక్ పాటకు, అంటే కంబోడియా భాషలోని రాక్ పాటకు, పేరు లేదు. ఒక మిత్రుడు పంపిన ఆ ఫైలు మీద ఒక అంకె తప్ప మరేమీ రాసి లేదు. గిటారు బొంగురుగా మోగుతోంది, ఆర్గన్ వెనుక నుంచి తరుముతోంది, ఆ రెండింటి మీదుగా ఒక స్త్రీ గొంతు సన్నని కంపితాలతో సునాయాసంగా పైకి లేస్తోంది. భాష ఒక్క ముక్క తెలియకపోయినా ఆ రాత్రి ఆ పాటను పదిసార్లకు పైగా విన్నాను. పాడినది ఎవరో తెలుసుకోవాలని మొదలుపెట్టిన వెతుకులాట నన్ను కంబోడియా రాజధాని నోమ్ పెన్‌కు, 1960ల నాటి ఆ నగరానికి తీసుకువెళ్లింది.

1953లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన కంబోడియాకు నాయకుడైన నొరొదోమ్ సిహనూక్ స్వయంగా పాటలు కట్టేవాడు, శాక్సఫోన్ వాయించేవాడు, సినిమాలు తీసేవాడు. అటువంటి పాలకుడి ప్రాపకంలో, జాతీయ రేడియో అండతో, పదిహేను ఇరవై ఏళ్లలోనే అక్కడ ఒక కొత్త సంగీతం పుట్టుకొచ్చింది. స్తుంగ్ త్రెంగ్ ప్రాంతం నుంచి వైద్య సహాయకుడి చదువు కోసం రాజధానికి వచ్చిన సిన్ సిసముత్ రేడియోలో పాడి ఆ దేశపు ప్రథమ గాయకుడయ్యాడు. బత్తంబాంగ్ నుంచి వచ్చిన రొస్ సెరెయ్‌సొథియాకు సిహనూక్ ‘రాజధాని స్వర్ణకంఠం’ అనే బిరుదునిచ్చాడు. చిలిపితనానికి పెన్ రన్, వెటకారానికి యొల్ ఔలరాంగ్ పెట్టింది పేరు. అన్నదమ్ములు కలిసి పెట్టిన తొలి గిటారు బృందం పేరు ‘బక్సేయ్ చాంక్రోంగ్’. అంకోర్ దగ్గరున్న పదో శతాబ్దపు గుడి పేరు అది, రెక్కల కింద దాచుకుని కాపాడే పక్షి అని దానికి అర్థం. బక్సేయ్ అంటే మన పక్షే. ఒక రికార్డు కంపెనీ పేరు ‘చాన్ ఛాయా’, అది రాజభవనంలోని ఒక మంటపం పేరు కూడా. అందులో చంద్రుడూ ఛాయా తెలుగువారికి ఇట్టే వినిపిస్తారు. ఎక్కడో పరాయి సంగీతమనుకున్నదానిలో ఇలా తెలిసిన మాటలు ఎదురైనప్పుడల్లా నేను కాసేపు ఆగిపోయేవాడిని.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటుదారుల సైన్యం నగరంలో అడుగుపెట్టి, దాదాపు ఇరవై లక్షల మందిని కట్టుబట్టలతో పల్లెలకు తరిమింది. ఆ పాలన నడిచినది 3 సంవత్సరాల 8 నెలల 20 రోజులు. ఆ కాలంలో దేశ జనాభాలో ఇంచుమించు నాలుగో వంతు మంది ప్రాణాలు కోల్పోయారు. గాయకుడన్న గుర్తింపే మరణశాసనమైన రోజులవి. సిసముత్, సెరెయ్‌సొథియా, పెన్ రన్, ఔలరాంగ్‌లలో ఒక్కరూ తిరిగి రాలేదు. వారి చివరి రోజుల గురించి చెప్పే కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. స్టూడియోలో మొదట రికార్డు చేసిన మాస్టర్ టేపులు చాలావరకు నాశనమయ్యాయి, రికార్డులు ఖాళీ ఇళ్లలో, దుకాణాలలో దిక్కులేకుండా మిగిలాయి.

అయినా పాటలు మిగిలాయంటే దానికి కారణం నకళ్లే. ముందే దేశం దాటినవారి పెట్టెల్లో, దాచుకున్నవారి ఇళ్లలో మిగిలిన కొద్ది రికార్డుల నుంచి క్యాసెట్లు, ఆ క్యాసెట్ల నుంచి మరిన్ని క్యాసెట్లు పుట్టాయి. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో స్థిరపడిన శరణార్థుల దుకాణాలలో అవి విరివిగా అమ్ముడుపోయాయి. అయితే అమ్మకం కోసం పాత వాయిద్యాల మీద కొత్తగా డ్రమ్ మెషీన్ మోతనూ, గొంతు మీద ప్రతిధ్వనినీ కలిపారు. కొన్నిసార్లు వేగం కూడా పెంచారు. కడుపు నింపుకోవడానికీ, బెంగ తీర్చుకోవడానికీ చేసిన ఆ పనిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ అసలు డ్రమ్ము వాయించిన మనిషి ఆ మోత కింద రెండోసారి పూడిపోయాడన్నది మాత్రం నిజం.

ఇటువంటి తప్పు నేనూ చేశాను. మా నాయనమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు, బుసబుసమనే శబ్దం పోవాలని ఫిల్టరు గట్టిగా వేసి, మొదటి ఫైలును తీసేశాను. బుసతో పాటు ఆమె పలికిన శకారాలూ సకారాలూ కొట్టుకుపోయాయి. క్యాసెట్ ఆ తరువాత బూజు పట్టింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది నత్తిగా పాడే నాయనమ్మ. ఆవిడకు జీవితంలో ఎన్నడూ నత్తి లేదు.

అందుకే ఖ్మేర్ పాటలను కాపాడుతున్నవారి పద్ధతి నాకు అంతగా నచ్చింది. రికార్డును నీటితో జాగ్రత్తగా కడిగి, దాని గాడికి సరిపోయే ముల్లును ఎంచుకుని, సూక్ష్మ శబ్దాలు కూడా పోని 24 బిట్ల ఫైలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతల చిటపటలతో సహా ఆ ప్రతిని ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. శుభ్రం చేయడమంటూ ఉంటే అది దాని నకలు మీదనే. రికార్డు దొరకక క్యాసెట్టే గతి అయినప్పుడు, టేపును చదివే హెడ్డును, రికార్డ్ అయినప్పటి కోణానికి చిన్న స్క్రూడ్రైవరుతో సరిచేస్తే, దుప్పటి కప్పుకున్నట్టున్న గొంతు ఒక్కసారిగా బయటకు వస్తుంది. వేగం సరిచేయడం ఇంకా ఆసక్తికరమైన పని. కంబోడియాలోనూ మన దేశంలోలాగే కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది. రికార్డింగు గదిలోని ఆ కరెంటు గురగుర పాట అడుగున ఎక్కడో నిలిచి ఉంటే, అది 53 దగ్గర వినిపించిందంటే టేపు ఆరు శాతం వేగంగా తిరుగుతోందని, గాయని తన అసలు శ్రుతికి దాదాపు అర స్వరం పైన పాడుతున్నట్టు వినిపిస్తోందని లెక్క తేలుతుంది. నకలు తీసిన అమెరికాలోని 60 హెర్ట్జ్ గురగురను దీనితో కలగాపులగం చేసుకోకూడదు. ఏ లోపాన్ని నేను ఫిల్టరుతో తుడిచేశానో, ఆ జాతి లోపమే ఇక్కడ దారి చూపిస్తోంది.

ఇక పేర్ల సంగతి. 1994లో కంబోడియా వెళ్లిన ఒక అమెరికన్ యాత్రికుడు కొన్న క్యాసెట్ల నుంచి ఎంచిన పాటలతో 1996లో న్యూయార్కులోని ఒక చిన్న సంస్థ ఒక సంకలనం విడుదల చేసింది. సీడీలో 22 పాటలున్నాయి, పాట పేరు గానీ పాడినవారి పేరు గానీ ఒక్కటీ లేదు. ఆ సంకలనం లేకపోతే ఈ సంగీతం పాశ్చాత్య శ్రోతలకు అంత త్వరగా చేరేది కాదని ఒప్పుకుంటాను. అయితే పేరు లేని పాటను ‘వింత’గా వినడం సులభం. పేరుంటే అది ఒక మనిషి పాట అవుతుంది, ఆ మనిషికి వారసులుంటారు, వారికి హక్కులుంటాయి. ఆ పేర్లను ఒక్కొక్కటిగా తిరిగి అతికించినది ఇంటర్నెట్‌లో ఆ గొంతులను పోల్చుకున్న ఖ్మేర్ శ్రోతలు. చిన్నప్పుడు రేడియోలో విన్న చెవులు అవి.

తరువాతి తరం ఆ పనిని పట్టుదలగా అందుకుంది. కంబోడియన్ వింటేజ్ మ్యూజిక్ ఆర్కైవ్ అనే బృందం రికార్డులతో పాటు అట్టలను కూడా సేకరిస్తోంది. గాయకుడి పేరూ రచయిత పేరూ అచ్చయినది అట్ట మీదనే కాబట్టి అది అలంకారం కాదు, దస్తావేజు. నోమ్ పెన్‌లో 2006లో దర్శకుడు రితీ పాన్ చొరవతో మొదలైన బొఫానా కేంద్రంలో పాత ధ్వనులనూ దృశ్యాలనూ ఎవరైనా వెళ్లి చూడవచ్చు, వినవచ్చు. ఈ సంగీతం మీద దర్శకుడు జాన్ పిరోజీ దాదాపు పదేళ్లు శ్రమించి తీసిన డాక్యుమెంటరీని 2014 జనవరిలో మొదట ప్రదర్శించినది కూడా ఆ నగరంలోనే. కంబోడియాలో కాపీరైటు చట్టం 2003లో వచ్చింది. 2014లో సిసముత్ కుటుంబానికి సుమారు 180 పాటల మీద హక్కు దక్కింది.

నా ఫైలులో పాడినది రొస్ సెరెయ్‌సొథియా. పోల్చి చెప్పినవారు ఆ పాట పేరును ఖ్మేర్ లిపిలో రాసి పంపారు. అంకె తీసేసి ఆ లిపిలోనే పాట పేరూ ఆమె పేరూ పెట్టాను. డ్రమ్ మెషీన్ మోతతో వచ్చిన పాత ప్రతిని మాత్రం తీసేయలేదు. పక్కనే మరో ఫోల్డరులో, ఆ అంకెతోనే ఉంది.