ఆన్‌లైన్‌లో లైవ్ రాక్ కొనడం: నా అనుభవం

డాలస్‌లో ఉప్పునీళ్ల చేపల ట్యాంకు పెట్టుకున్న మనవాళ్లు తక్కువే కానీ, పెట్టాలనుకునేవాళ్లు కనిపించగానే నన్ను అడిగేది ఒకటే, లైవ్ రాక్, అంటే సముద్రంలో బ్యాక్టీరియా, చిన్న చిన్న జీవులు పట్టిన పగడపు రాయో సున్నపురాయో, ఆన్‌లైన్‌లో కొనొచ్చా అని. ఇక్కడైతే కొనొచ్చు. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం ఆ పని పెట్టుకోకండి, రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే పగడాలు అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. అక్కడ సిరామిక్ రాయితోనే నడిపించుకోవాలి.

ఈ రాయి గొప్పదనమంతా దాని రంధ్రాల్లో ఉంటుంది. పైపొరల్లోని బ్యాక్టీరియా చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, ఆక్సిజన్ చేరని లోపలి పొరల్లో ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తుంది. డ్రై రాక్, అంటే జీవం లేని ఎండు రాయి, చవకే, కానీ అది ఈ స్థితికి రావడానికి నెలలు పడుతుంది, అంత ఓపిక నాకు లేదు.

నేను కొన్నది ఫ్లోరిడా రాయి. అక్కడ సముద్రంలోంచి సహజమైన లైవ్ రాక్ తీయడం ఎప్పుడో నిషేధించారు, రాష్ట్ర జలాల్లో 1989లోనే, గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు కేంద్రప్రభుత్వ జలాల్లో 1997 నుంచి. ఇప్పుడు అమ్మేది సాగు చేసినది. క్వారీ సున్నపురాయిని లీజుకి తీసుకున్న సముద్రపు అడుగున పోసి, దాని మీద జీవం పెరిగేదాకా ఏళ్లపాటు ఆగి పైకి తీస్తారు. అమ్మకందారుని నేను అడిగింది ఒక్కటే, రాయి నీళ్లలోంచి బయటికొచ్చాక నా చేతికి రావడానికి ఎంతసేపు పడుతుంది అని. దీనికి సూటిగా జవాబు చెప్పనివాళ్ల దగ్గర కొనకండి. తడి న్యూస్‌పేపర్లో చుట్టి పంపేది చవక, కానీ రాయి మీద పెరిగే స్పాంజ్‌లనే జీవులు దారిలో చచ్చిపోతాయి. నేను నీళ్లతో నింపిన బ్యాగుల్లో ఎయిర్ కార్గో తీసుకున్నాను, నీళ్ల బరువుతో కలిపి రవాణా ఖర్చు దాదాపు రాయి ధరంత అయింది.

ఫోన్లో అమ్మకి చెప్తే, "డబ్బులు పోసి రాళ్లు కొన్నావా? చీమకుర్తి పక్కన పుట్టినవాడివేనా నువ్వు?" అంది. నిజమే కదా మరి, గ్రానైట్ క్వారీల ఊరు అది.

కార్గో ఆఫీసు ప్రయాణికుల టెర్మినల్ దగ్గర ఉండదు, అడ్రస్ ముందే చూసుకుని ఐడీ పట్టుకెళ్లండి. ఇంట్లో ముందురోజే ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలిపి, సాంద్రత 1.025, వేడి 78 ఫారెన్‌హీట్ దగ్గరికి తెచ్చి, పెద్ద ప్లాస్టిక్ టబ్బులో హీటరూ, నీళ్లు తిప్పే పంపూ పెట్టాను. పెట్టె తెరవగానే వాసన చూడండి, సముద్రం వాసనొస్తే మంచిదే, కుళ్లిన గుడ్డు వాసనొస్తే లోపల చాలా చచ్చిపోయినట్టే. నాదాంట్లో తెల్లగా జిగురు పట్టిన స్పాంజ్ ముక్కలు కొన్ని ఉంటే బ్రష్‌తో గీకేశాను. నేరుగా ట్యాంకులో వేసెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది, వద్దు. అమ్మోనియా సున్నాకి దిగేదాకా టబ్బులోనే ఉంచి, పెరిగినప్పుడల్లా నీళ్లు మార్చాను.

అసలు టెన్షన్ రాయితో పాటు వచ్చే అతిథులతోనే. రాత్రి టబ్బులోంచి టక్ టక్‌మని చప్పుడొచ్చింది, మాంటిస్ ష్రింప్ అనే రొయ్యలాంటి వేటజీవి! నత్త గుల్లని పగలగొట్టగల దెబ్బ దానిది, చేపలతో పాటు ఉంచలేం. 1.035 సాంద్రత ఉన్న ఉప్పునీళ్లలో రాయిని కాసేపు ముంచితే అదీ, నల్లటి డెక్కల వెంట్రుకల పీత ఒకటీ బయటికి దూకేశాయి. మాంటిస్‌ని చంపబుద్ధి కాక వేరే చిన్న ట్యాంకులో పెట్టాను, మా ఆవిడకి ఇప్పుడు అసలు ట్యాంకు కన్నా అదే ఇష్టం. బ్రిసిల్ వార్మ్‌లని (ఒంటినిండా ముళ్లుండే పురుగుల్ని) చూసి భయపడకండి, మిగిలిపోయిన తిండిని అవే శుభ్రం చేస్తాయి, చేత్తో మాత్రం పట్టుకోకండి, ముళ్లు దిగుతాయి. ఐప్టేసియా అనే గోధుమరంగు అనిమోన్ (రాయికి అంటుకుని పువ్వులా కనిపించే జీవి) కనిపిస్తే గిల్లకండి, తెగిన ముక్కలోంచి కూడా మొలుస్తుంది. పెప్పర్‌మింట్ ష్రింప్‌లనే చిన్న రొయ్యల్ని వేస్తే చాలావరకు తినేస్తాయి.

ట్యాంకు మొత్తానికీ ఇదే కొనాలనేం లేదు. నా 40 గ్యాలన్ల ట్యాంకులో సగం డ్రై రాకే, బ్యాక్టీరియా దాని మీదికి పాకుతోంది, రాయికి పొరలా అంటుకునే ఊదారంగు నాచు, కోరలైన్ ఆల్గే కూడా అంచుల దగ్గర మొదలైంది.