మెడ తిప్పడం

నిన్న రాత్రి టర్ఫ్‌లో ఫుట్‌బాల్ ఆడుతుంటే ఓ పదో తరగతి కుర్రాడు నన్ను ఆటాడించేశాడు. వేగం లేదు, నా భుజం దాకా కూడా రాడు. కానీ బంతి కాలికి అందేలోపే రెండుసార్లు వెనక్కి చూసేస్తాడు. నేనేమో బంతి వచ్చాక తలెత్తి "ఎవరికివ్వాలిరా బాబూ" అని వెతుక్కునేవాణ్ని. ఈలోపు ఎవడో తన్నుకుపోయేవాడు.

ఇంటికొచ్చి స్పెయిన్ ఆటగాడు షావీ పాత వీడియోలు పెట్టుకున్నా. బార్సిలోనా మిడ్‌ఫీల్డ్‌లో అంత పొట్టి మనిషి, మెడ క్షణం ఆగదు, పిచ్చుకలాగా. నార్వేలో గేర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ ఏళ్లతరబడి లెక్కపెట్టింది ఈ మెడ తిప్పుళ్లనే! స్వీడన్‌లో కరోలిన్‌స్కా వైద్య సంస్థ పరిశోధకులైతే బుర్ర ఎంత చురుకో చూడ్డానికి ఆటగాళ్లతో చుక్కలు కలిపించి, ప్రతిసారీ కొత్త బొమ్మ గీయించారు. ఇందులో మెరుగ్గా చేసినవాళ్లే తర్వాత గోల్స్, అసిస్టుల్లో (గోల్ కొట్టేవాడికి ఇచ్చే పాస్‌లు) ఎక్కువగా ముందున్నారని 2012లో రాశారు. బుర్ర అలాంటిది కాబట్టి ఆడారా, ఆడీ ఆడీ బుర్ర అలా తయారైందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. ర్యాంకుల తెలివి మాత్రం కాదు. మా జట్టులో ఐఐటీ వాడున్నాడు, పాస్ ఎప్పుడూ అవతలి వాళ్లకే.

పొద్దున్నుంచి ఆఫీసులో భుజం మీదుగా వెనక్కి చూడ్డం ప్రాక్టీస్ చేస్తున్నా. పక్క సీటావిడ "మేనేజర్ ఇంకా రాలేదులెండి" అంటోంది.