కాలువ గట్టుకు తగిన కారు

కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద పదిమంది కూర్చుని ఉండగా మా మామగారు అడిగారు. “అల్లుడు గారూ, ఇన్నేళ్లు కువైట్‌లో చేసి వచ్చి ఈ బుల్లి కారు కొన్నారేమిటండీ? అక్కడ మీరు నడిపే బండ్లు ఫొటోల్లో చూస్తూనే ఉన్నాం కదా. నలుగురూ ఏమనుకుంటారు?” మర్యాద తప్పలేదు, గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పండగ పూట పిల్లనిచ్చిన మామగారికి ఎదురు చెప్పడం ఇష్టం లేక, తాంబూలం పళ్లెం ఆయన వైపు జరిపి ఊరుకున్నాను. ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు.

ఆయన చూపు ఎటు వెళ్లిందో నాకు తెలుసు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన ఎత్తు బండ్లు ఆ రోజు మా వీధి పొడవునా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నా ఆల్టో. గల్ఫ్ డబ్బు వచ్చే ఇల్లంటే మేడ ఉండాలి, వాకిట్లో పెద్ద బండి ఉండాలి అని కోనసీమలో ఒక లెక్క నడుస్తోంది. ఆ లెక్క సరిచేయడానికి అప్పు చేసి, అప్పు తీర్చడానికి మళ్లీ విమానం ఎక్కిన వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

కువైట్‌లో నేను ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకు ఇచ్చేది) మీద ఇంటి డ్రైవరుని. తెల్లవారగానే పిల్లలను బడికి, తర్వాత మామాను, అంటే ఇంటి యజమానురాలిని, జమియాకు (సరుకుల దుకాణం), చీకటి పడ్డాక బాబాను, అంటే యజమానిని, దివానియాకు (మగవాళ్లు కూడి కబుర్లు చెప్పుకునే చావడి) తీసుకువెళ్లాలి. నా చేతికిచ్చిన బండి షెవర్లే సబర్బన్. ఎనిమిది సిలిండర్లు, 5.3 లీటర్ల ఇంజను, 5.7 మీటర్ల పొడవు, రెండు మీటర్లు దాటిన వెడల్పు, రెండున్నర టన్నులకు తగ్గని బరువు. దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. గంటకు 120 కిలోమీటర్లకు అనుమతి ఉన్న రోడ్డు మీద అది సాగుతుంటే వెనక కూర్చున్న పసివాడి నిద్ర చెదరదు. ఎండల సంగతి అంటారా, అక్కడి మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి వేడిలో మూడు వరసల సీట్లను చల్లబరచాలంటే ఏసీని తిప్పే ఇంజనుకు బలం మిగిలి ఉండాలి. పెట్రోలు అంటారా, 2016 సెప్టెంబరులో ధర పెంచాక కూడా మామూలు రకం లీటరు 85 ఫిల్సులే. మన డబ్బులో పాతిక రూపాయలకు అటూ ఇటూ. ఆ రోడ్లకు, ఆ ఎండకు, అంతమంది ఉండే కుటుంబానికి ఆ బండి తగినదే.

అయితే అది నాది కాదు. అక్కడ నాకిచ్చిన లైసెన్సు కూడా ఆ కొలువుతో ముడిపడినదే. ఫొటోలో స్టీరింగు వెనక నేను కనిపిస్తాను కాబట్టి ఊళ్లో వాళ్లు దాన్ని నా హోదాగా చూశారు. నాకు అది పని. గీత పడకుండా, ట్యాంకు నింపి, సీట్లు చల్లబరచి బండిని గుమ్మం ముందు నిలబెట్టడం నా పని. బాబా మంచివాడు, జీతం ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఆయన బండిని నా సొంత బండిలాగే చూసుకున్నాను. కానీ ఆయన అవసరాలను బట్టి కొన్న బండిని కొలబద్దగా పెట్టి నా ఇంటి ముందు బండిని కొలవడం న్యాయమా?

మా రోడ్లను చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర తవ్వించిన కాలువల గట్లే తర్వాత మాకు దారులయ్యాయి. ఆ గట్టు వెడల్పును నిర్ణయించింది నీళ్లు. కార్ల కోసం ఎవరూ కొలిచి వేయలేదు. ఒక పక్క కాలువ, మరో పక్క బోదె, దాని అవతల చేను. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిగిలిన సగంలో ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తుంది, దాని వెనక ఆర్టీసీ బస్సు. ప్రభల తీర్థానికి వెళ్లే దారిలో రెండు ఎత్తు బండ్లు ఎదురుపడి, ఎవరూ వెనక్కి తీయలేక, కాలినడకన వెళ్లేవాళ్లు కూడా ఆగిపోవడం ఈ ఏడూ చూశాను.

ఆల్టో కే10 వెడల్పు 1.49 మీటర్లు. సబర్బన్‌తో పోలిస్తే దాదాపు రెండు అడుగులు తక్కువ. మా గట్టు మీద రెండు అడుగులంటే, గెల కట్టుకుని వెళ్లే సైకిలుకు దారి. ఆరబోసిన గింజ మీద చక్రం పడకుండా ఉండే ఎడం. పొడవు 3.53 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 4.5 మీటర్లు. లాకుల దగ్గర గట్టు మీద నుంచి వంతెన మీదికి తిరిగే మలుపులో ఎత్తు బండ్లు రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. ఇది ఒక్క తిప్పుతో ఎక్కుతుంది. నాలుగు చక్రాలూ బండికి నాలుగు మూలల్లో ఉండడం వల్ల ముందు అంచు ఎక్కడ ముగుస్తుందో, వెనక అంచు ఎక్కడుందో సీట్లో కూర్చున్నవాడికి తెలుస్తూ ఉంటుంది. గట్టు మీద బండిని వెనక్కి నడిపించాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇంజను 998 సీసీ, మూడు సిలిండర్లు. “మీ కారు వణుకుతోందండీ” అని మా బావమరిది అన్నాడు. నిజమే, ఆగి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది. మూడు సిలిండర్ల ఇంజనులో పిస్టన్ల కదలిక వల్ల ముందు చివర, వెనక చివర మార్చి మార్చి ఊగుతాయి. ఆ ఊపును ఇంజనును నిలబెట్టిన రబ్బరు మౌంటింగులు చాలావరకు మింగేస్తాయి, మిగిలింది గేరు కడ్డీలో తెలుస్తుంది. బండి కదిలాక అది మరుపున పడుతుంది. దానికి బదులుగా దక్కేది ఏమిటో చూడాలి. ఒక సిలిండరు తగ్గితే రాపిడి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, తాగే పెట్రోలు తగ్గుతుంది. ఒక్కో సిలిండరుకు రెండేసి ఇంజెక్టర్లు పెట్టారు కాబట్టి పెట్రోలు ఇంకా సన్నని తుంపరగా పడి బాగా మండుతుంది. బండి మొత్తం బరువు ఎనిమిది క్వింటాళ్ల లోపే. మా ధాన్యం లెక్కలో చెప్పాలంటే పది బస్తాలకు కాస్త ఎక్కువ. ఆ బరువును లాగడానికి 67 హార్స్‌పవర్ చాలదా?

కొండలున్న చోట చాలదేమో. కానీ డెల్టాలో ఎత్తు ఎక్కడుంది? ఆనకట్ట దగ్గర వదిలిన నీరు తనంతట తానే సముద్రపు ఒడ్డు ఊళ్ల దాకా పారేంత బల్లపరుపు నేల ఇది. ఎక్కాల్సినవల్లా గట్టు ర్యాంపులు, వంతెనల మొదళ్లు. అయిదుగురు కూర్చుని, ఏసీ వేసి, నిలబడిన చోటు నుంచి ర్యాంపు ఎక్కించాలంటే మొదటి గేరులో ఓపిగ్గా పోవాలి. ఏసీ కంప్రెసరు లాక్కునే బలం చిన్న ఇంజనుకు తెలుస్తుంది, అంతే. కంపెనీ లెక్క ప్రకారం లీటరుకు 24 కిలోమీటర్ల పైమాటే. మా గతుకుల్లో, ఏసీతో, అది ఇరవై దగ్గర ఆగుతుంది. మా దగ్గర లీటరు వంద దాటింది. కువైట్ ధరకు నాలుగింతలు. ఆ ధరతో ఎనిమిది సిలిండర్లను పోషించేవాళ్లు పోషించుకోనీ.

టైర్ల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అన్నిటికంటే నచ్చినవి అవే. వెడల్పు 145 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో 80 శాతం పక్క గోడ ఎత్తు, 13 అంగుళాల రిమ్ము. చూడటానికి సన్నగా, పాతకాలపు వాటిలా ఉంటాయి. కానీ గతుకులో పడినప్పుడు ముందుగా దెబ్బను తీసుకునేది ఆ ఎత్తయిన రబ్బరు గోడే. వెడల్పాటి టైరు నీటి పొర మీద తేలడానికి చూస్తుంది, సన్నని టైరు ఆ పొరను చీల్చుకుని రోడ్డును పట్టుకుంటుంది. వానాకాలంలో బోదెలు పొంగి రోడ్డెక్కే ఊళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఇంజను బరువంతా ముందు చక్రాల మీదే ఉండి, లాగేవీ ఆ చక్రాలే కావడం వల్ల తడిసిన మట్టి రోడ్డులో కూడా పట్టు దొరుకుతుంది.

మామగారు నిజంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఆయన అడగలేదు. గుద్దుకుంటే ఏమవుతుంది? 2023లో, కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ కారుకు పెద్దల రక్షణలో అయిదింటికి వచ్చినవి రెండే నక్షత్రాలు. పిల్లల రక్షణలో ఒక్కటీ రాలేదు. తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు, మంచిదే. అయినా 216 జాతీయ రహదారి మీద లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు ఇంత తేలికైన బండి గాలికి ఊగుతుంది. చించినాడ వంతెన మీద గోదావరి గాలి అడ్డంగా కొడితే స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి. రోజూ విజయవాడ వెళ్లి వచ్చేవాడు నన్ను సలహా అడిగితే ఈ కారు కొనమని చెప్పను. బలమైన బండి కొనుక్కోమంటాను. నా ఇంటి వాళ్లు తిరిగేది అమలాపురం, రాజోలు, ఎప్పుడైనా పంటు (బండ్లను నది దాటించే పడవ) మీద నరసాపురం. నలభై దాటడానికి రోడ్డే ఒప్పుకోని దారులవి.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట ఒక రాత్రి అమ్మకు ఆయాసం వచ్చింది. మా ఆవిడ ఇంటింటికీ తిరిగి ఆటో కోసం బతిమాలుతూ నాకు ఫోను చేసింది. అప్పుడు నేను దివానియా బయట సబర్బన్‌లో కూర్చుని ఉన్నాను. బాబా వచ్చేసరికి సీటు చల్లగా ఉండాలని ఎనిమిది సిలిండర్ల ఇంజను ఊరికే తిరుగుతోంది. అంత బండి నా కింద ఉంది, మా అమ్మను నాలుగు మైళ్లు తీసుకెళ్లడానికి ఇంటి దగ్గర ఏమీ లేదు. చివరికి పక్క వీధి కుర్రాడు మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఆసుపత్రికి చేర్చాడు. దేవుడి దయ వల్ల గండం గడిచింది. కారు కొనాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. అది నేను నడపడానికి కాదు. నేను ఏడాదికి ఒకసారి వచ్చిపోయేవాణ్ణి. నేను లేనప్పుడు ఎవరు నడుపుతారో వాళ్ల చేతికి, వాళ్ల ధైర్యానికి సరిపడే బండి కావాలి.

మామగారూ, ఆ నడిపేది మీ అమ్మాయి. క్లచ్చి తేలిగ్గా ఉందా, కరెంటుతో తిరిగే స్టీరింగు నిలబడిన చోట కూడా ఒక చేత్తో తిరుగుతోందా, మా వాకిట్లో కొబ్బరిచెట్టుకు తగలకుండా వెనక్కి వస్తుందా అని చూసి తీసుకున్నాను. మొత్తం డబ్బు కట్టేశాను, వాయిదాలు లేవు. నెలనెలా నా జీతంలో ఒక్క దీనారు కూడా ఈ కారు కోసం పక్కన పెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు తను లైసెన్సు తీసుకుంది. మొదటి వారం గట్టు మీద ఎదురుగా బస్సు వస్తే నా చేయి పట్టుకునేది. ఇప్పుడు తానే మార్జినులోకి దించి, బస్సు పోయాక మళ్లీ ఎక్కిస్తోంది. మొన్న సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించేటప్పుడు పలకల మీద మొదటి గేరులోనే ఉండమని, మధ్యలో క్లచ్చి నొక్కవద్దని ఒక్కసారే చెప్పాను. అమ్మ ముందు సీట్లో కూర్చుని బెల్టు తానే పెట్టుకుంది. పంటు మీద మాకు దొరికిన చోటు రెండు మోటారు సైకిళ్ల వెనక, ఒక గడ్డి మోపు పక్కన. కారు అక్కడ సరిగ్గా పట్టింది. అవతల రేవులో దిగాక మా ఆవిడ ఆసుపత్రి ఎటువైపో అడిగింది. రోడ్డు చూపించి నేను పక్కకు తప్పుకున్నాను, వాళ్లిద్దరే వెళ్లి వచ్చారు.